నూటికి నాలుగు మార్కుల కారు

నరహరికి నలభై ఆరో ఏట ప్రేమ పుట్టింది. అది కారు మీద పుట్టడం వల్ల ఇంట్లో గొడవ కాస్త ఆలస్యంగా మొదలైంది.

అతను మా ఊరి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. త్వరణం అంటే ఏమిటో ఏళ్ళ తరబడి బోర్డు మీద గీసి చెబుతున్నాడు గానీ, తన స్కూటరు మీద దాన్ని ఎన్నడూ అనుభవించి ఎరగడు. అతను మనసు పడ్డ కారు పేరు వెలోరా టర్బో. చూడ్డానికి కూరగాయలు తెచ్చుకునే బుల్లి కారు. డిక్కీ తలుపు పైకి లేస్తుంది, వెనక సీటు మడిస్తే బియ్యం బస్తా పడుతుంది. లోపల ఉన్నది మాత్రం టర్బో ఇంజను. కొంతదాకా బుద్ధిగా వెళ్తుంది. ఆ తర్వాత సన్నగా ఈల వేసి, వెనకనుంచి ఎవరో వీపు మీద చరిచినట్టు ముందుకి దూకుతుంది. కంపెనీ వాళ్ళు అలాంటివి కొన్నే చేశారు. షోరూముకి వచ్చిన ప్రతివాడూ మైలేజీ ఎంతని అడిగి, జవాబు విని, వాళ్ళిచ్చిన కూల్‌డ్రింకు తాగి వెళ్ళిపోతూండడంతో విసిగి మానేశారు. అదంతా పదిహేనేళ్ళ కిందటి మాట.

"కారు కొంటే కొనండి. పాతదెందుకండీ?" అంది అతని భార్య హైమ. ఆవిడ మెయిన్ రోడ్డులో బ్యూటీ పార్లరు నడుపుతుంది.

"కొత్తవి ఈల వెయ్యవు హైమా."

"ఈల వినాలంటే కుక్కరుంది కదా. రోజూ మీరే పెట్టండి."

నరహరి వెతకడం మొదలుపెట్టాడు. పాత కార్ల బేరగాళ్ళ భాష అతనికి కొత్త. 'షోరూం కండిషన్' అని చెప్పిన కారు చూడ్డానికి రెండు బస్సులు మారి వెళ్తే, వెనక సీట్లో కోడి పొదుగుతోంది.

"కోడేంటండీ?" అన్నాడు నరహరి.

"అది కారుతో రాదండి," అన్నాడు బేరగాడు, కోడిని కూడా బేరంలో కలిపేస్తాడేమోనని.

ఇంకో ఊళ్ళో ఇంకో వెలోరా దొరికింది. బానెట్ ఎత్తి చూస్తే టర్బో ఉండాల్సిన చోట ఖాళీ. "పెట్రోలు తెగ తాగేస్తందని పీకించేశామండి. గ్యాసు కిట్టు పెట్టించాం. మీ అదృష్టం బాగుంది," అన్నాడు దాని యజమాని. మూడోదాంట్లో టర్బో ఎప్పుడూ లేదు, వెనక అద్దం మీద ఆ పేరున్న స్టిక్కరు మాత్రం ఉంది.

ఆశ వదులుకునే సమయానికి పేపర్లో మూడు ముక్కల ప్రకటన కనిపించింది. 'వెలోరా టర్బో. బాగుంది. మైలేజీ అడిగేవాళ్ళు రావద్దు.'

ఇచ్చిన చిరునామాలో డాక్టర్ సత్యవేణి గారు ఉన్నారు. పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైన డెబ్బై రెండేళ్ళ మనిషి. షెడ్డు తలుపు తీసి పక్కకి జరిగారు. లోపల ఆవపువ్వు రంగు కారు, నిన్న సాయంత్రమే పెళ్ళిచూపులకి ముస్తాబైనట్టు నిలబడి ఉంది. నరహరి నోరు తెరిచేశాడు.

"నోరు మూసుకుని ఎక్కు. నడిపి చూపించు," అన్నారావిడ.

బైపాస్ దాకా వెళ్ళి వచ్చారు. దారంతా ఆవిడ కారు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "క్లచ్ మీంచి కాలు తియ్యి, అదేం పీట కాదు," అని ఒకసారీ, "భయపడకు, దానికి తెలుసు," అని ఒకసారీ అన్నారు. ఇంటికొచ్చాక నరహరి ఇంజను వెంటనే ఆపలేదు. ఎర్రగా కాగిన టర్బో కాస్త చల్లారేదాకా కారుని అలాగే ఊరికే తిరగనిచ్చి, అప్పుడు తాళం తిప్పాడు. సత్యవేణి గారు అంతవరకూ వాచీ వంక చూస్తున్నారు. అప్పుడు తలెత్తారు.

"వచ్చినవాళ్ళందరూ టక్కున ఆపేశారయ్యా. పరిగెత్తి వచ్చినదాన్ని ఊపిరి పీల్చుకోనివ్వాలని ఒక్కడికీ తోచలేదు. నీకిస్తాను."

"మీరెందుకు అమ్మేస్తున్నారండీ?"

"ఎడమ కన్ను పక్కచూపు పోయింది. ఎదురుగా వచ్చేది కనిపిస్తుంది, పక్కనించి వచ్చేది కనిపించదు. డాక్టరు నడపొద్దన్నాడు. నేనూ డాక్టర్నే గనక కాదనలేకపోయాను," అని ఆవిడ నవ్వారు.

బేరం అక్కడే కుదిరింది. ఇక కారు నరహరి పేరు మీదకి మారడమే మిగిలింది. కథ అక్కడ మొదలైంది.

ఆ మధ్య కొందరు దొంగలు, తుక్కు కార్ల నంబర్లు తీసి కొట్టేసిన కొత్త కార్లకి తగిలించి, పాత కార్లుగా అమ్మారు. ప్రభుత్వం దీన్ని తీవ్రంగా పరిగణించింది. దొంగల్ని పట్టుకోవడంలో ఉన్న కష్టనష్టాలు బేరీజు వేసి, దానికన్నా బాగున్న పాత కార్లని పట్టుకోవడం సులువని తేల్చింది. వాహన వయోనిర్ధారణ శాఖ అని ఒకటి పుట్టింది. ప్రతి పాత వాహనమూ తన వయసుకి తగినట్టు పాడై ఉండాలి. ఎంత పాడైందో కొలిచి నూటికి మార్కులు వేస్తారు. దాని పేరు క్షీణతాంకం. పదిహేనేళ్ళ కారుకి అరవై రావాలి. రాకపోతే అది ఆ కారు కాదు.

మా జిల్లాకి వయోనిర్ధారణాధికారిగా వచ్చినవారు గంగాధరం గారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో కాఫీ కూడా 'సమకూర్చబడవలెను' అని అడుగుతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

కారు ఆవరణలోకి రాగానే ఆయన మొహంలో అనుమానం కదిలింది.

"సదరు వాహనమునకు పదిహేనేళ్ళని మీ వాదన."

"వాదన కాదండీ, కాగితాల్లో ఉంది," అన్నాడు నరహరి.

"కాగితములు ఏమైనా చెప్పును. వాహనము తన గురించి తాను ఏమి చెప్పుచున్నది? అద్దము దించండి."

దించాడు.

"ఎక్కించండి."

ఎక్కింది. గంగాధరం గారు గుమాస్తా వైపు తిరిగి విచారంగా తల ఊపారు. "ఈ వయసున దిగిన అద్దము తిరిగి ఎక్కదు. నిపుణుల సంఘము నిర్ధారించిన విషయమిది. రాసుకొనుము."

ఏసీ వేయించారు. చల్లగాలి వచ్చింది. అదీ రాయించారు. సైలెన్సరు గొట్టం దగ్గర తెల్ల రుమాలు పట్టారు. రుమాలు తెల్లగానే ఉంది. సీటు కింద వంగి చూశారు. వేరుశనక్కాయ తొక్కు ఒక్కటైనా లేదు. నిలబడి నడుము సరిచేసుకుని, "నాకు ఉద్యోగములో ఇట్టి అనుభవము ఎదురు కాలేదు," అన్నారు.

"ఎన్నొచ్చాయండీ?"

"నూటికి నాలుగు. ఆ నాలుగును నంబరు ప్లేటు కొంచెము వెలిసినందుకు, మానవతా దృక్పథముతో."

"బాగుండడం తప్పా అండీ?"

"తప్పని శాఖ ఎన్నడును అనలేదు. అసంభవమని మాత్రమే అన్నది. ఇది వెలోరా కాదు. వెలోరా వేషములో ఉన్న మరియొక వాహనము. నెలలోగా క్షీణతను అరవైకి పెంచుకొని రండి. లేనిచో నకిలీగా భావించి నుజ్జు చేయబడును."

ఆఫీసు గేటు దాటితే కుడిచేతి వైపు అప్పటికే ఒక బజారు వెలిసింది. కారు పాడు చేసి పెట్టేవాళ్ళు వరసగా రేకుల షెడ్లు వేసుకుని ఉన్నారు. ఒక షెడ్డు ముందు 'ఇచ్చట సహజమైన సొట్టలు పెట్టబడును' అని బోర్డు. ఇంకోచోట ఉప్పునీళ్ళు కొట్టే పంపు. సముద్రం ఒడ్డున కారు కట్టేసుకోవడానికి స్థలాలు అద్దెకిస్తామని ఒకడు కరపత్రం చేతిలో పెట్టాడు. పంపునీళ్ళ తుప్పు కన్నా సముద్రపు తుప్పుకి మార్కులెక్కువట.

సొట్టలాయన నరహరి కారు చుట్టూ తిరిగి చూసి నిట్టూర్చాడు. "ఇరవై ఏళ్ళు సొట్టలు తీసేనండి. తీసేటప్పుడు చెయ్యి తప్పినా కనపడదు. పెట్టేటప్పుడే కష్టం. ఆటోవోడు గుద్దినట్టుండాల, మనం పెట్టినట్టుండకూడదు. ఎక్కడ మొదలెట్టమంటారు? కుడి డోరుతో కానిచ్చేద్దామాండి?"

సుత్తి పైకి లేచింది. నరహరి ఏం చేస్తున్నాడో అతనికే తెలియలేదు. వెళ్ళి డోరుకి అడ్డంగా నిలబడి చేతులు చాపాడు.

"తప్పుకోండి సారూ, ఎముకలిరుగుతాయి."

"కొట్టద్దు. నాకు కారు వద్దు గానీ, కొట్టద్దు."

సుత్తి దించి అతను జాలిగా చూశాడు. "పొద్దున్నుంచి మీరు మూడోవోరండి. ఒకాయనైతే ఏడిసేసేడు."

అక్కడితో నరహరి ఆశలు ఆవిరైపోయేవే గానీ, శాఖ వాళ్ళు మరో అడుగు వేశారు. నాలుగు మార్కుల కారుకి యజమాని ఎవరో చూడాలని సత్యవేణి గారికి కబురు పెట్టారు. నరహరి తోడు వెళ్ళాడు.

ఆవిడ మెట్ల చేతికమ్మీ పట్టుకోకుండా చకచకా పైకొచ్చేసరికే గంగాధరం గారి కనుబొమలు ముడిపడ్డాయి.

"అమ్మా, తమ వయసు?"

"డెబ్బై రెండు."

"మెట్లు ఎక్కునప్పుడు ఆయాసము?"

"లేదు."

"మోకాళ్ళు?"

"రెండున్నాయి."

"నొప్పి కలదా అని శాఖ ప్రశ్న."

"లేదని శాఖకి చెప్పు."

"మతిమరుపు?"

"ఉంటే నీ మొహం మర్చిపోయి సుఖంగా ఉండేదాన్ని కదయ్యా."

గంగాధరం గారు పెన్ను కింద పెట్టారు. "యజమానురాలి క్షీణతయు ఆశాజనకముగా లేదు. వాహనమూ, తామూ కూడబలుక్కొని వయసు దాచుచున్నారని భావించవలసి వచ్చుచున్నది. తాము తామే అని నిరూపించగల ఒక్క లోపమైనను లేదా?"

ఆవిడ తల కిటికీ వైపు తిప్పుకున్నారు. గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. ఉండబట్టలేక నరహరే అన్నాడు, "ఆవిడకి ఎడమ కన్ను పక్కచూపు పోయిందండీ."

గంగాధరం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మొహం విప్పారింది. "అభినందనలమ్మా! ఇంతటి శుభవార్త ముందే తెలియజేయవద్దా? తిరిగి వచ్చునని ఆశ లేదు కదా?"

"లేదు," అన్నారు సత్యవేణి గారు.

"చాలా సంతోషము. యజమానురాలు ఉత్తీర్ణులు. ఇక వాహనము మాత్రమే మిగిలినది."

కిందకి దిగి కారు దగ్గరికొచ్చాక ఆవిడ దాని పైకప్పు మీద చెయ్యి వేశారు. "మారుమూల ఊళ్ళన్నీ తిరిగి ముప్ఫై ఏళ్ళు సర్కారు ఉద్యోగం చేశాను. నాకు దక్కిన మొదటి అభినందన ఇదే," అని పకపకా నవ్వారు. నవ్వు ఆగాక, "సుత్తి దెబ్బలు తిననివ్వను దీన్ని. అంతకన్నా నేనే గోదాట్లోకి తోలేస్తాను," అన్నారు. ఆ మాటలో నవ్వు లేదు.

ఆ రోజు మధ్యాహ్నం నరహరి అన్నం కలిపి తినకుండా కూర్చుంటే హైమ అడిగింది. అతను జరిగిందంతా చెప్పాడు. కారు పేరెత్తితే ఇన్నాళ్ళూ మొహం తిప్పుకున్న మనిషి, కంటి సంగతి వినగానే తను కలుపుకున్న ముద్ద వదిలేసింది.

"ఆవిణ్ణి అంతమాటన్నాడా? అభినందనలనా?"

"అన్నాడు."

"ఏవండీ, కారుని ముట్టుకుని చూస్తారా, ఊరికే కళ్ళతో చూస్తారా?"

"కళ్ళతోనే. గీకితే రంగు పోయిందని జనం పరిహారం అడుగుతున్నారట. అందుకని ముట్టుకోకూడదని ఉత్తర్వు."

హైమ చెయ్యి కడుక్కుని లేచింది. "ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి పదేళ్ళు తగ్గించి పంపిస్తున్నాను. ఒక కారుకి పదేళ్ళు పెంచలేనా? ఆదివారం బండి తీసుకురండి."

ఆదివారం పార్లరు మూసి, వెనక పెరట్లో కారు పెట్టారు. చూడ్డానికి వచ్చిన సత్యవేణి గారు పెరటి గుమ్మంలో నుంచే, "దానికి అలవాటు లేదమ్మా, మెల్లగా," అన్నారు.

హైమ గోరింటాకు పొడీ కాఫీ పొడీ కలిపి నూరి తుప్పు తయారుచేసింది. చక్రాల పైనా డోర్ల అంచుల్లోనూ దూదితో అద్దింది. ముల్తానీ మట్టి పూసి ఆరనిచ్చేసరికి బానెట్ మీద రంగు బీటలు వారినట్టు తేలింది. సొట్టల దగ్గర నరహరికి నమ్మకం కలగలేదు.

"సొట్ట ఎలా పెడతావు, కొట్టకుండా?"

"నిండు బుగ్గలున్న పిల్ల పీల్చుకుపోయినట్టు కనబడాలంటే ఏం చేస్తామండీ? నీడ వేస్తాం. ఇదీ అంతే. డోరు కాస్త పెద్ద బుగ్గ."

నల్లరంగూ బూడిదరంగూ మెత్తటి కుంచెతో అద్దుతూ పోయింది. చూస్తూండగానే కుడి డోరుని ఆటో గుద్దేసింది. వెనక బంపర్ని లారీ రాసుకుపోయింది. సత్యవేణి గారు రెండడుగులు ముందుకొచ్చి, భయంగా చెయ్యి పెట్టి తడిమి, డోరు నున్నగానే ఉందని తెలిశాక ఊపిరి వదిలారు. ఆ తర్వాత ఆవిడకీ హుషారొచ్చింది. ఏసీకీ అద్దాలకీ ఉన్న ఫ్యూజులు లాగి కొంగున ముడేసుకున్నారు. సైలెన్సరు గొట్టంలో ఆముదం తడిపిన గుడ్డ కుక్కారు. వేరుశనక్కాయలు ముగ్గురూ కూర్చుని తిన్నారు, తొక్కులు సీటు కింద పోయాలి గనక.

మళ్ళీ పరీక్షకి వెళ్ళిన రోజు గంగాధరం గారు కారుని గుర్తుపట్టలేదు. అద్దం దిగలేదు. ఏసీ వేస్తే వేడిగాలి మొహాన కొట్టింది. రుమాలు నల్లబడి జిడ్డోడింది. సీటు కింద తొక్కులు చూసి ఆయన చాలాసేపు వంగే ఉండిపోయారు.

"డెబ్బై ఎనిమిది," అన్నారు లేచి, రుమాలు భద్రంగా మడుస్తూ. "ఈ తుప్పులో తొందర లేదు. ఈ సొట్టలో కృత్రిమత లేదు. పాడైనచో ఇట్లు పాడు కావలెను. శాఖకు ఇది గర్వకారణము."

"అయితే సంతకం పెట్టేస్తారాండీ?"

"నేను పెట్టుట కాదు. వచ్చే వారము కమిషనరు గారు విచ్చేయుచున్నారు. శాఖ వార్షికోత్సవములో ఆదర్శ వాహనముగా దీనిని వారికి చూపి, వారి అమృత హస్తములతో బదిలీ చేయింతును."

నరహరికి కాదనే దారి లేదు.

వార్షికోత్సవం నాడు ఆవరణంతా కార్లే. కొట్టించుకున్నవీ, కాల్పించుకున్నవీ, సముద్రానికి వెళ్ళొచ్చినవీ, మార్కుల కోసం బారులు తీరి ఉన్నాయి. మధ్యలో వేదిక. వేదిక పక్కన పూలదండతో వెలోరా. హైమ తెల్లారే వచ్చి తుప్పుకి తుది మెరుగులు దిద్ది, ఏమీ ఎరగనట్టు మూడో వరసలో కూర్చుంది.

కమిషనరు గారు చల్లటి మనిషి. గంగాధరం గారు మైకు అందుకుని, "అయ్యా, కాలము ఈ వాహనముపై చేసిన సంతకమును తిలకించవలెను," అంటూండగా వేసవి వాన విరుచుకుపడింది. చినుకులు కావు, ధారలు. జనం షామియానా కిందకి పరిగెత్తారు. కారు ఎక్కడికీ పరిగెత్తలేదు.

ముందు బానెట్ మీది బీటలు కరిగాయి. చక్రాల పైనుంచి తుప్పు ఎర్రగా, కమ్మటి కాఫీ వాసనతో కారిపోయింది. ఆటో గుద్దిన సొట్ట పైనుంచి కిందకి జారి నేలలో ఇంకింది. అందరి కళ్ళముందూ ఆవపువ్వు రంగు కారు తలంటు పోసుకున్నట్టు మిలమిలా మెరుస్తూ నిలబడింది.

"ఏమిటిది గంగాధరం?" అన్నారు కమిషనరు గారు.

నరహరి నేల చూపులు చూస్తున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాడు. కానీ గంగాధరం గారి ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఊరికే పోదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"శాఖ ఆవరణలో అడుగిడిన వృద్ధ వాహనము తమ సమక్షమున యౌవనము పొందుచున్నదయ్యా. ఫలితము రూఢి అగువరకు గోప్యముగా ఉంచితిమి."

కమిషనరు గారు కారుని చూశారు. గంగాధరం గారిని చూశారు. ఇది అబద్ధమంటే విచారణ జరపాలి. శాఖ ఎందుకు పెట్టారో జవాబు చెప్పాలి. నిజమంటే కొత్త పథకం ప్రకటించొచ్చు. ఆయనకి ఎక్కువసేపు పట్టలేదు.

"నేను ఊహించినదే," అని మైకు అందుకున్నారు. "నేటినుండి పునర్యౌవన పథకము అమలులోకి వచ్చుచున్నది. ఇకమీదట పాత వాహనము పాతగా కనిపించినచో అది యజమాని నిర్లక్ష్యముగా పరిగణింపబడును. క్షీణతాంకము అయిదుకు మించరాదు."

సముద్రం ఒడ్డున కారు కట్టేసుకుని వచ్చినాయన గొడుగు కిందనుంచి గట్టిగా అడిగాడు, "మరి మా తుప్పో అండి?"

"తక్షణము తొలగించవలెను," అన్నారు గంగాధరం గారు. అప్పటికి ఆయన గొంతులో ధీమా పూర్తిగా తిరిగొచ్చింది.

గేటు బయట సొట్టలాయన బోర్డు మీద 'పెట్టబడును' కొట్టేసి 'తీయబడును' అని రాసుకుంటున్నాడు.

కమిషనరు గారు వెలోరా కాగితాల మీద అక్కడికక్కడే సంతకం పెట్టి, నరహరి చెయ్యి పట్టుకుని ఫొటో తీయించుకున్నారు. నరహరి చెమట చేతిని ఆయన వాన తడి అనుకున్నారు.

వాన వెలిశాక సత్యవేణి గారు కొంగు ముడి విప్పి, ఫ్యూజులు వాటి చోట పెట్టి, సైలెన్సరులోంచి గుడ్డ లాగి పారేశారు. అలవాటు కొద్దీ కుడివైపు డోరు తీయబోయి ఆగారు. చుట్టూ తిరిగి వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నారు. హైమ వెనక ఎక్కింది. నరహరి తాళం తిప్పాడు.

బైపాస్ ఎక్కారు. ఖాళీ రోడ్డు, తడిసి నల్లగా మెరుస్తోంది. నరహరి మూడో గేరులో యాక్సిలరేటరు తొక్కాడు. కారు బుద్ధిగా కొంత దూరం వెళ్ళి, ఈల వేసి, దూకింది. హైమ వెనకనుంచి కెవ్వున అరిచి, వెంటనే పగలబడి నవ్వింది. సత్యవేణి గారు రెండు చేతులా డాష్‌బోర్డు పట్టేసుకున్నారు.

"ఓరి నాయనో! పక్కన కూర్చుంటే ఇంత భయంగా ఉంటుందా? మా కాంపౌండరు రాఘవులు, పాపం, నా పక్కన కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. నిద్రపోతున్నాడని ఇన్నేళ్ళూ తిట్టాను వాణ్ణి."

"మెల్లగా పోనియ్యనాండీ డాక్టరు గారూ?" అన్నాడు నరహరి.

ఆవిడ డాష్‌బోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"తగ్గించావో, దిగిపోతాను," అన్నారు.